ఎముకల వార్డుకి ఏ క్యాసెట్టు తేవాలి?

మైకుసెట్టు నూకరాజు పెళ్ళిపందిరి మీదికెక్కి లౌడ్‌స్పీకరు కడుతూ కడుతూ కాలుజారి కిందపడ్డాడు. ఎడమకాలు మోకాలి కింద పుటుక్కున విరిగింది. తీసుకెళ్ళి జిల్లా ఆసుపత్రి ఎముకల వార్డులో పడేశారు. పడేసిన మొదటి శనివారమే అతనికి అర్థమైందేమిటంటే, కాలంటూ విరిగితే ఆ వార్డులో చేరేలాగే విరగాలని.

ఎందుకంటే ఆ వార్డులో కలర్ టీవీ ఉంది, దాని కింద వీసీఆర్ ఉంది. వీధికో వీడియో షాపు వెలిసిన రోజులవి. అంతకు ముందు ఏడాది తుంటి విరిగి మూడు నెలలు ఇక్కడే మగ్గిన ఒక రైసుమిల్లు ఆసామి, తనలాంటి వాళ్ళకి కాలక్షేపంగా ఉంటుందని ఆ రెండూ కొనిచ్చి, ఎదురుగా ఉన్న షాపులో వారానికో కొత్త క్యాసెట్టు అద్దెకి తెచ్చుకునే ఏర్పాటు కూడా చేసి వెళ్ళాడు. మహానుభావుడు, పది కాలాలు చల్లగా ఉండాలి.

ఏ క్యాసెట్టు తేవాలన్నది చిటికెలో తేలిపోయేది. శనివారం మధ్యాహ్నం హెడ్ సిస్టర్ కరుణమ్మగారు షాపువాడిచ్చిన చీటీ పట్టుకుని వార్డు మధ్యలో నిలబడి, "ఈ వారం కొత్తగా మూడొచ్చాయి. ఫైటింగులు కావాలా, ఏడుపు కావాలా, దేవుడు కావాలా?" అని అడిగేది. చేతులున్నవాళ్ళు చేతులెత్తేవారు, చేతులు కట్టులో ఉన్నవాళ్ళు కేకలేసేవారు. రెండు నిమిషాల్లో తీర్పు అయిపోయేది. కరుణమ్మగారు వీధి దాటి వెళ్ళి తెచ్చేది. అంతే సంగతులు.

అలా సుఖంగా ఉన్న ప్రాణాలకి ఎసరు పెట్టింది ఒక నవ్వుల సినిమా.

ఆ రోజు అది చూస్తుంటే, పక్కటెముకలు విరిగి వార్డులో చేరిన వీరాస్వామికి నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి, నొప్పికి అరుపు, ఆ అరుపు విని వార్డంతా నవ్వు, ఆ నవ్వులు చూసి వీరాస్వామికి మళ్ళీ నవ్వు. సరిగ్గా అప్పుడే ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ పరాంకుశంగారు రౌండ్స్‌కి వచ్చారు.

"ఈ రోగికి ఏమిచ్చారు?" అన్నారు ఉరిమినట్టు.

"ఏమీ ఇవ్వలేదండి. సినిమా చూస్తన్నాడండి," అంది కరుణమ్మగారు.

"ఏ డాక్టరు రాశారు? కేసుషీటులో ఏదీ?"

కేసుషీటులో ఎలా ఉంటుంది, నా తలకాయ! లేదు. లేకపోవడమే తప్పయింది. మర్నాటికల్లా వార్డు తలుపు మీద ఒక సర్క్యులరు వెలిసింది. నూకరాజు మంచం ఆ తలుపు పక్కదే కావడంతో అతనే పైకి చదివి అందరికీ వినిపించాడు. మైకులో మాట్లాడి అలవాటైన గొంతు కదా, ఖంగుమని పలికింది.

"చలనచిత్రము రోగి శరీరముపై ప్రభావము చూపుచున్నది. శరీరముపై ప్రభావము చూపునదెల్ల ఔషధము. కావున చలనచిత్రము ఔషధము. పరీక్షింపబడని ఔషధమును రోగికి ఇచ్చుట నిషిద్ధము. కావున నూతన వీడియో క్యాసెట్ల ఎంపికకై నిపుణుల సంఘము ఏర్పాటు చేయడమైనది. సంఘము ఆమోదించువరకు టీవీ, వీసీఆర్ సమావేశ మందిరమున భద్రపరచబడును."

"అంటే ఏటంట్రా?" అన్నాడు వీరాస్వామి పక్కటెముకలు పట్టుకుని.

"అంటే టీవీ అట్టుకుపోతారంట బాబాయ్," అన్నాడు నూకరాజు. అన్నమాట పూర్తికాకుండానే పట్టుకుపోయారు కూడా.

సంఘానికి అధ్యక్షులు పరాంకుశంగారు. సభ్యులు ఎముకల డాక్టరుగారు, నాడి చూడ్డానికి కాంపౌండరు. సభ్య కార్యదర్శి ఆఫీసు సూపరింటెండెంటు చయనులుగారు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఒక్క కాగితాన్ని కూడా అవతలి బల్లకి తొందరపడి పంపిన పాపాన పోని మనిషి ఆయన. కరుణమ్మగారిని 'క్యాసెట్టు మోసే సభ్యురాలు'గా వేసుకున్నారు. మోయడానికే గాని మాట్లాడ్డానికి ఆవిడకి హక్కు లేదు.

మొదటి సమావేశంలోనే షాపులో కొత్తగా వచ్చిన అయిదు క్యాసెట్ల మీదా చర్చ జరిగింది. బల్ల మీద పకోడీలు, టీలు. లోపల ఏం జరిగిందో ఆ సాయంత్రం కరుణమ్మగారు సూదులేస్తూ మంచం మంచానికీ చెప్పింది.

ఫైటింగుల సినిమాకి ఎముకల డాక్టరుగారు అడ్డం తిరిగారు. "హీరో మేడ మీంచి దూకి నడుచుకుంటూ పోయాడు. రౌడీకి వెన్నుపూస విరిగే దెబ్బ తగిలింది, పదకొండు సెకన్లలో లేచి నిలబడ్డాడు. మన వార్డులో పదకొండు వారాలకి కూడా ఎవరూ లేవరు. ఇది చూస్తే రోగి మనల్ని ఏమనుకోవాలి?"

"శాఖాపరమైన అప్రతిష్ఠ," అని రాసుకున్నారు చయనులుగారు. తిరస్కారం.

ఏడుపు సినిమాకి కాంపౌండరు ఒప్పుకోలేదు. మెడకి పిండికట్టు ఉన్నవాళ్ళు ఏడిస్తే కన్నీళ్ళు కట్టులోకి దిగి నానిపోతుందట. తిరస్కారం. నవ్వుల సినిమా సంగతి వీరాస్వామే తేల్చేశాడు. కుటుంబ కథలో ఒక డాక్టరు కళ్ళజోడు తీసేసి "మా చేతుల్లో ఏమీ లేదు" అన్నందుకు అది కూడా పోయింది. ఆసుపత్రి వాళ్ళ చేతుల్లో ఏముందో బయటి వాళ్ళు చెప్పకూడదని పరాంకుశంగారి అభిప్రాయం.

పోనీ దేవుడి సినిమా అన్నా చూపించండి మహాప్రభో అంటే, అందులో దేవుడు కుంటివాడి కాలు నిమరగానే వాడు గంతులేస్తూ వెళ్ళిపోయాడు. "ఎక్స్‌రే లేదు, కట్టు లేదు, డిశ్చార్జి చీటీ లేదు! ఇది అనుమతి లేని వైద్యం," అన్నారు ఎముకల డాక్టరుగారు. దేవుణ్ణి కూడా తిప్పి పంపారు.

"ఫైటింగులు కత్తిరించేసి మిగతాది చూపిద్దామా?" అని కాంపౌండరు నోరు జారాడు.

పరాంకుశంగారికి మండుకొచ్చింది. "మాత్రని సగం మంచిదీ సగం చెడ్డదీ అంటామా అయ్యా? ఆమోదిస్తే మొత్తం ఆమోదం, తిరస్కరిస్తే మొత్తం తిరస్కారం. కత్తిరింపులు లేవు. తిరస్కరించినది ఏదైనా సరే, ఆ సాయంత్రానికల్లా ఆసుపత్రి ఆవరణ దాటాలి."

తర్వాత, నచ్చిన క్యాసెట్టుని కొనాలా, అద్దెకి తేవాలా అన్న ప్రశ్న వచ్చింది. "ఒకసారి రోగికిచ్చిన మందు షాపుకి తిరిగివ్వగలమా? ఇవ్వలేం. కాబట్టి అద్దె కుదరదు. కొనాలంటే అట్ట మీద మందు గడువు తేదీ ఉండాలి, లేదు. కాబట్టి కొనుగోలూ కుదరదు," అని చయనులుగారు ఎంతో తృప్తిగా తేల్చేశారు. శాంపిలుగా తేవచ్చని మాత్రం రూలుందట. అయితే శాంపిలుని పరీక్షించాలి. ఎవరి మీద? డాక్టర్ల మీద కాదు గదా, రోగి మీద.

అలా వెతికితే దొరికినవాడు నూకరాజు.

"ఎడమకాలు, ఒకే ఒక్క విరుపు. బీపీ లేదు, సుగరు లేదు. అభిప్రాయాలు కూడా లేవు," అని ఎముకల డాక్టరుగారు సిఫారసు చేశారు. పరాంకుశంగారు తలాడించారు. చయనులుగారు నూకరాజు చేత మూడు కాగితాల మీద సంతకాలు పెట్టించి, అతణ్ణి 'ప్రామాణిక రోగి'గా నియమించారు.

నూకరాజుకి ఏనుగెక్కినంత సంబరమైంది. రోజూ సాయంత్రం నాలుగింటికి తోపుడుబండి మీద సమావేశ మందిరానికి తోసుకెళ్ళడం, ఫ్యాను కింద పరుపు, చేతిలో బిస్కెట్లు, ఎదురుగా కొత్త సినిమా. కాంపౌండరు మణికట్టు పట్టుకుని కూర్చుని ప్రతి అయిదు నిమిషాలకీ నాడి అంకె కేకేసేవాడు, చయనులుగారు రాసుకునేవారు. నాడి తొంభై దాటితే ఉద్రేకము, తిరస్కారం. డెబ్బైకి తగ్గితే నిద్ర, అంటే మందు పనిచేయలేదని తిరస్కారం. సినిమాలు నడుస్తూనే ఉన్నాయి, తిరస్కారాలు పడుతూనే ఉన్నాయి. సంఘం వారు మాత్రం ఒక్కటి కూడా మధ్యలో లేవకుండా చూశారు. హీరోయిన్ వానలో తడిసిన పాటని 'మరింత లోతుగా పరిశీలించుటకై' మూడుసార్లు వెనక్కి తిప్పారట. కాంపౌండరు ఆ మూడుసార్లూ తన నాడి తనే చూసుకున్నాడని నూకరాజు ప్రమాణం చేసి చెప్పాడు.

తిరిగొచ్చాక వార్డులో అతనే సినిమా. డైలాగులతో సహా, డప్పులతో సహా కథ చెప్పేవాడు. ముప్పై మంచాలూ నోళ్ళు తెరుచుకుని వినేవి. మూడో రోజుకి ఇంకో సర్క్యులరు వచ్చింది: "ఆమోదము పొందని ఔషధమును నోటి ద్వారా పంచుట తీవ్రముగా పరిగణింపబడును." ఆ రోజు నుంచి నూకరాజు సైగలతో చెప్పాడు. చేతులు విరిగినవాళ్ళు తిరిగి ప్రశ్నలడగలేక అల్లాడిపోయారు.

ఇలా నెల పైన గడిచింది. అప్పుడొచ్చింది అత్త సూరమ్మ, బెల్లంముక్క పట్టుకుని.

"ఆడపిల్ల పుట్టిందయ్యా అల్లుడూ! అచ్చంగా నీ ముక్కే. తల్లీ పిల్లా బాగున్నారు. పురుడు తీరేదాకా నేను కదల్లేకపోయేను. వచ్చే శుక్రోరానికి ఇరవయ్యొకటో రోజు, బారసాల. నువ్వొచ్చి పిల్ల చెవిలో పేరు చెప్పాలి. నీ పెళ్ళాం పొద్దు లేస్తే గుమ్మంకేసే చూత్తంది."

నూకరాజు బెల్లంముక్క చేత్తో పట్టుకుని నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. పెళ్ళయిన ఏడేళ్ళకి పుట్టిన పిల్ల. పది మైళ్ళ అవతల, తను ఇంకా చూడని పిల్ల. "వత్తానత్తా, కట్టిప్పేత్తామన్నారుగా, శుక్రోరం తెల్లారేసరికి మీ గుమ్మంలో ఉంటాను," అన్నాడు.

మర్నాడు కట్టు విప్పారు. ఎక్స్‌రే తీశారు. కాలు శుభ్రంగా అతికింది. నూకరాజు చేతికర్ర సాయంతో అటూ ఇటూ నడిచి చూసుకుని, ఆనందం పట్టలేక వీరాస్వామి బుగ్గ గిల్లి, నేరుగా చయనులుగారి బల్ల దగ్గరికి పోయాడు.

"డిశ్చార్జా?" అన్నారు చయనులుగారు, కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "నలభై క్యాసెట్లు నీ నాడి మీద పరీక్షించాం. ఇప్పుడు నువ్వు వెళ్ళిపోయి ఇంకో రోగి వస్తే, ఆ నాడి వేరు, ఈ నాడి వేరు. మళ్ళీ మొదటి క్యాసెట్టు నుంచీ చూసుకు రావాలి. ప్రామాణిక రోగి మారడానికి వీల్లేదు."

"నేను రోగినే కాదు గదండీ ఇప్పుడు! కాలు అతికిపోయిందండి."

"ఎక్స్‌రే ప్రకారం అతికింది. ఫైలు ప్రకారం అతకలేదు."

"మా పాపకి పేరెట్టాలండి. ఇంకా చూడనైనా లేదండి. మీరూ పిల్లలు గలోరు, దణ్ణం ఎడతాను."

చయనులుగారు నిట్టూర్చి, "దరఖాస్తు పెట్టుకో. పై సమావేశంలో పెడతాను. దరఖాస్తులు చూసే పై సమావేశం మాత్రం సంఘం ఏదో ఒక క్యాసెట్టుని ఆమోదించాకే," అన్నారు. ఆయన కఠినుడేమీ కాదు. బల్ల అవతల మనిషి ఉన్నాడన్న సంగతి ఆయనకి కాగితం మీద ఇంకా రాలేదు, అంతే.

సరే, ఏదో ఒకటి ఆమోదం పొందితే చాలు గదా అని నూకరాజు కంకణం కట్టుకున్నాడు. పరీక్ష జరుగుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని ఎక్కాలు చదువుకున్నాడు. లాభం లేకపోయింది. బొమ్మలో ఎక్కడ పసిపిల్ల ఏడ్చినా నాడి గుర్రంలా పరిగెత్తేది. ఆఖరికి సోమవారం నాడు పొరపాటున వ్యవసాయశాఖ వాళ్ళ క్యాసెట్టు ఒకటి వచ్చిపడింది: వరి నారుమడిలో యూరియా చల్లే విధానం. నలభై నిమిషాలు నూకరాజు నాడి డెబ్బై ఎనిమిది దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. సంఘం వారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆమోదం!

మర్నాడు మధ్యాహ్నమే టీవీని వార్డులోకి తెచ్చి, "రోజుకి అరగంట, భోజనం తర్వాత, ఆరు వారాలు" అని అందరి కేసుషీట్లలోనూ రాశారు. రెండో డోసుకే వీరాస్వామి, "బాబోయ్, నాకు మళ్ళీ నవ్వొచ్చే జబ్బు తెప్పించండి," అని మొర పెట్టుకున్నాడు. అయిదెకరాల ఆసామి ఒకాయన చూసి చూసి, "మడికి అంతెయ్యకూడదురా, పైరు మాడిపోద్ది!" అని టీవీ మీదికి గ్లాసు విసిరాడు. చయనులుగారు దాన్ని 'ఔషధ దుష్ఫలితము' అని రాసుకుని ఆమోదాన్ని రద్దు చేశారు. ఆమోదం రద్దయితే పై సమావేశమూ రద్దు. దానితో నూకరాజు దరఖాస్తూ రద్దు.

గురువారం పొద్దున్న నూకరాజు ఇక ఆగలేదు. చొక్కా తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని తిన్నగా గేటు దగ్గరికి నడిచాడు. గేటు దగ్గర వాచ్‌మన్ సింహాద్రి పుస్తకం తెరిచాడు.

"నువ్వెళ్ళడానికి లేదు గురూ. స్టాకు రిజిస్టరులో ఎక్కేవు. ఇదిగో చూడు. టీవీ ఒకటి, వీసీఆరు ఒకటి, ప్రామాణిక రోగి ఒకటి. గేటుపాసు లేకండా బయటికి పంపితే నా ఉజ్జోగం ఊడుద్ది."

"నేను మనిషినయ్యా!"

"నాకు మాత్రం తెల్దా? పుస్తకానికి తెల్దు," అన్నాడు సింహాద్రి. అతను కూడా బాధపడుతూనే అన్నాడు.

నూకరాజు వెనక్కొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. వేల మందికి వినబడేలా మైకులో గొంతు చించుకున్న మనిషి, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చాడు. అది చూసి కరుణమ్మగారికి కోపమొచ్చింది. నలభై రోజులకి పైగా క్యాసెట్లు మోసి మోసి ఆవిడకి సంఘం రూళ్ళన్నీ సంఘానికన్నా బాగా వచ్చేశాయి.

"ఏడవకు నాయనా. రేపు నువ్వెళ్ళకపోతే ఏం, బారసాలనే ఇక్కడికి తెప్పిస్తాను," అని మొదటి బస్సుకే సూరమ్మకి కబురంపింది.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి సంఘం కూర్చుంది. పకోడీలు వచ్చాయి. నూకరాజుని పరుపు మీద పడుకోబెట్టారు. కాంపౌండరు మణికట్టు పట్టుకున్నాడు. వీసీఆర్ మీట నొక్కబోతుంటే కరెంటు పోయింది. "వచ్చేదాకా నాడి వదలకు," అన్నారు చయనులుగారు.

అప్పుడు తలుపు తెరుచుకుని సూరమ్మ వచ్చింది, పళ్ళెంలో బియ్యంతో. వెనక పసుపు చీరలో నూకరాజు పెళ్ళాం అచ్చియ్యమ్మ. ఆమె చేతుల్లో మెత్తటి పాత పంచె చుట్టిన చిన్న మూట. కరుణమ్మగారు వెనకనుంచి తలుపు మూసి గడియ పెట్టింది.

"ఇదేమిటి?" అన్నారు పరాంకుశంగారు.

"శాంపిలండి," అంది కరుణమ్మగారు.

అచ్చియ్యమ్మ ఎవరినీ చూడలేదు. మూట తెచ్చి, లేచి కూర్చున్న మొగుడి ఒళ్ళో పెట్టింది. "ఇంత చిక్కిపోయేవేంటి మావా," అంది. నూకరాజు ఒక చేయి కాంపౌండరు దగ్గరే ఉంది. రెండో చేత్తో పిల్లని పొదువుకున్నాడు. నిజంగానే తన ముక్కు. పిల్లని ఒళ్ళో ఉంచుకుని, ఆ చేత్తోనే సూరమ్మ పట్టిన పళ్ళెంలో బియ్యం మీద వేలితో పేరు రాశాడు. వంగి పిల్ల కుడిచెవిలో, పెళ్ళి పందిళ్ళన్నీ అదరగొట్టే ఆ గొంతుతో, దోమ రెక్క చప్పుడంత మెల్లగా, "లోవకుమారి, లోవకుమారి, లోవకుమారి," అన్నాడు. పిల్ల కళ్ళు తెరిచి అతని వేలు గట్టిగా పట్టుకుంది. నూకరాజు నవ్వాడు, ఏడ్చాడు, రెండూ ఒకేసారి.

"నూట ఇరవయ్యారు!" అని కేకేశాడు కాంపౌండరు. కేకేసి తనే ముక్కు చీదుకున్నాడు.

ఎముకల డాక్టరుగారు చేతిలో పకోడీ మరిచిపోయి కూర్చున్నారు. ముందు తేరుకున్నది చయనులుగారే.

"నాడి నూట ఇరవయ్యారు. నవ్వు ఉంది. కన్నీళ్ళు ఉన్నాయి. ఏ క్యాసెట్టు అని రాయమంటారు?"

"క్యాసెట్టు వెయ్యలేదు గదయ్యా," అన్నారు పరాంకుశంగారు.

"వెయ్యకపోయినా రోగి శరీరముపై ప్రభావము చూపినది. ప్రభావము చూపునదెల్ల ఔషధము. తమరి సర్క్యులరేనండి."

పరాంకుశంగారు తన సర్క్యులరుని తనే కాదనలేకపోయారు. "మనం చూసినవాటన్నిటిలోకీ ఇదే అతి ప్రమాదకరమైనది. వార్డులో ముప్పై మందీ దీన్ని చూస్తే ఏమౌతారు? తిరస్కారం!"

కరుణమ్మగారు గొంతు సవరించుకుంది. "సార్, మోసే సభ్యురాలిగా ఒక్క మాట. తిరస్కరించింది సాయంత్రానికల్లా ఆవరణ దాటించాలండి. ఇందులోంచి తండ్రిని కత్తిరించి ఇక్కడ అట్టేపెట్టుకుని, మిగతాది పంపేద్దామా? కత్తిరింపులు కూడదన్నారు గదండీ, అందుకని అడుగుతున్నాను."

చయనులుగారు ఫైలు వెనక్కి తిప్పి చూశారు. ముందుకి తిప్పి చూశారు. "కూడదు," అన్నారు. "మొత్తం పోవాలి."

"మరి ప్రామాణిక రోగి?" అన్నారు ఎముకల డాక్టరుగారు నీరసంగా.

"అతను ఇప్పుడు తిరస్కరింపబడిన దృశ్యంలో భాగం," అన్నారు చయనులుగారు. ఆ మాటంటున్నప్పుడు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం కరుణమ్మగారు చూసింది గాని, ఎవరికీ చెప్పలేదు.

కాగితం అక్కడికక్కడే తయారైంది. పరాంకుశంగారు సంతకం పెట్టారు. కారిడారులో నడుస్తుంటే వార్డులోంచి ముప్పై మంచాలూ ఈలలు వేశాయి. వీరాస్వామి నవ్వుతూ అరుస్తూ, అరుస్తూ నవ్వుతూ పిల్లని దీవించాడు.

గేటు దగ్గర సింహాద్రి పాసు తీసుకుని వేలు పెట్టి చదివాడు.

"తిరస్కరించిన దృశ్యము, ఒకటి. అందులో తల్లి ఒకరు, అమ్మమ్మ ఒకరు, తండ్రి ఒకరు, శిశువు ఒకటి, పళ్ళెముతో బియ్యము. అన్నీ ఉన్నాయి," అని ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టుకుంటూ వచ్చి ఆఖరి గడి దగ్గర ఆగిపోయాడు. "ఇది తిరిగి తేవలసిన వస్తువా, తేనక్కర్లేనిదా? ఆ గడి ఆఫీసోళ్ళు ఖాళీగా ఒదిలేసేరు."

కరుణమ్మగారు సింహాద్రి చెవి మీది పెన్సిలు లాక్కుంది. 'తేనక్కర్లేనిది' అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

నూకరాజు పిల్లని భుజాన వేసుకుని గేటు దాటాడు.